అహాబు ఇంటిలో ఓబద్యా
(హ్యాటీ మెక్‌డానియెల్ అను నటి జీవితమును గూర్చిన యోచన)



సంఘ పత్రికలో సినిమా నటి ప్రస్తావన ఏల అని కొందరు పెద్దలు కనుబొమలు ముడివేయవచ్చును. నేను ఎవరిని సినిమాకు పొమ్మని చెప్పబోవుటలేదు, మానుమని బోధింపబోవుటయు లేదు. మన సంఘములలో బహుకాలముగా నలుగుచున్న ప్రశ్న యొకటి కలదు. ఆ ప్రశ్నను తన బ్రదుకంతయు తలపై మోసిన స్త్రీ యొకతె అమెరికా దేశమున, హాలీవుడ్‌లో, జీవించెను. అందుచేత ఆమెను గూర్చి వ్రాయుచున్నాను. ప్రశ్న యిది: అన్యాయము ఏలుచున్న ఇంటిలో కొలువు చేసి, ఆ ఇంటి జీతము తిని బ్రదుకువాడు ఆ అన్యాయములో పాలివాడగునా, కాడా?

మన తాతల నాడు ఈ ప్రశ్న డప్పు రూపమున వచ్చెను. ఒంగోలు ప్రాంతమున జాన్ క్లౌ దొరగారి కాలములో, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లియొద్ద ఒక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ ప్రాంతమున విశ్వసించిన వారిలో అనేకులు జాతరలలో డప్పు కొట్టవలసిన వారు. అది వారి ఇష్టము కాదు, ఊరి కట్టుబాటు. కొట్టము అనినవారికి ఊరిలో పని దొరకుట కష్టమాయెను, బావి దారి మూతపడెను. కొట్టి, ఇంటికి వచ్చి, కన్నీటితో ప్రార్థన చేసికొనినవారును లేకపోలేదు. మొదటివారిని మనము సాక్షులని పిలుచుచున్నాము. రెండవవారిని ఏమని పిలువవలెనో మనకింకను తెలియదు. హ్యాటీ మెక్‌డానియెల్ ఆ రెండవ గుంపులోని మనిషి.

ఆమె 1893 జూన్ 10న కాన్సాస్ రాష్ట్రమందలి విచిటా పట్టణమున పుట్టెను. పదముగ్గురు బిడ్డలలో కడగొట్టుది. తండ్రి హెన్రీయు తల్లి సూసన్‌యు బానిసలుగా పుట్టినవారే. అంతర్యుద్ధములో హెన్రీ ఉత్తరాది సైన్యమున చేరి పోరాడెను. 1865లో చట్టము బానిసత్వమును కొట్టివేసెనుగాని పేదరికమును కొట్టివేయు చట్టము ఏదియు రాలేదు. తల్లి దేవుని పాటలు పాడునది. కుటుంబము కొలరాడో రాష్ట్రమునకు వలసపోయి డెన్వరు పట్టణమున నిలిచెను. అక్కడ బడిలో చదువుచుండగా, మద్యపానమునకు విరోధముగా పాటుపడు క్రైస్తవ స్త్రీల సంఘమువారు పెట్టిన పోటీలో హ్యాటీ ఒక పద్యకథను వల్లించి పతకము గెలుచుకొనెను. అటుతరువాత అన్నలతో కూడ ఆటపాటల జట్లలో తిరిగెను, పాటలు కట్టెను, రికార్డులకు పాడెను, డెన్వరు రేడియోలో ఆమె కంఠము వినబడెను.

1929లో అమెరికాలో వ్యాపారములు కూలిపోయినప్పుడు పాటకత్తెలకు పని పోయెను. మిల్వాకీ పట్టణపు శివారున ఒక వినోదశాలలో స్త్రీల మరుగుదొడ్డియొద్ద నిలిచి, వచ్చినవారికి తుండుగుడ్డలందించు పని ఆమెకు దొరకెను. అక్కడివారు మొదట ఆమెను వేదిక ఎక్కనిచ్చుటకు ఇష్టపడలేదు. ఎట్లో ఎక్కి పాడెను. పాడిన తరువాత మరల తుండుగుడ్డల పనికి పంపుట వారికి లాభముగా కనబడలేదు. 1931లో లాస్ ఏంజెలెస్ నగరమునకు పోయి అన్నను, అక్కలను కలిసికొనెను. రేడియోలో వేషము దొరకెనుగాని ఆ జీతముతో కడుపు నిండలేదు. కనుక రేడియోలో పనిమనిషిగా హాస్యమాడుచు, బయటికి వచ్చి నిజముగానే పరుల ఇండ్లలో పనిమనిషిగా గిన్నెలు కడుగుచు, బట్టలుతుకుచు దినములు గడపెను. ఆమెను గూర్చి తీర్పు చెప్పువారు ఈ సంగతిని మరువరాదు. పనిమనిషి వేషమును ఆమె ఎవరియొద్దనో నేర్చుకొనలేదు.

పిమ్మట సినిమాలు వచ్చినవి. 1934లో ‘జడ్జ్ ప్రీస్ట్’, 1935లో ‘ఆలిస్ ఆడమ్స్’, 1936లో ‘షో బోట్’. అన్నిటిలోను వంటమనిషియో, దాదియో, పనికత్తెయో. ఆ కాలపు హాలీవుడ్‌లో నల్లజాతి స్త్రీకి వేరొక వేషము లేదనియే చెప్పవచ్చును. 1939లో ‘గాన్ విత్ ది విండ్’ అను గొప్ప చిత్రము తయారాయెను. మార్గరెట్ మిచెల్ వ్రాసిన నవల దానికి మూలము. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్. జార్జియా రాష్ట్రమందలి ప్రత్తి తోటల దొరల కథ అది. బానిసత్వమును ఒక చల్లని నీడవలె చూపినది. యజమానులు మంచివారు, బానిసలు నవ్వుముఖముతో ఉండువారు. అందులో ‘మామీ’ అను ముసలి దాసి పాత్రను హ్యాటీ ధరించెను. మామీ అనగా దాది. కథ పొడుగునను ఆమెకు మరియొక పేరు లేదు. సిరియా సేనాధిపతియైన నయమాను ఇంటిలో చెరపట్టబడి వచ్చిన చిన్నదానికి కూడ పరిశుద్ధ గ్రంథములో పేరు లేదుగాని, ఆ ఇంటి యజమానుని కుష్ఠము మానుటకు ఆ పేరులేని పిల్ల నోటిమాటయే మొదలు.

సినిమాకు ముందుగానే నల్లజాతివారి పత్రికలును, ఎన్.ఏ.ఏ.సీ.పీ. అను వారి హక్కుల సంఘమును నవలలోని అవమానపు మాటలను గూర్చి అభ్యంతరము చెప్పినవి. ఆ జాతిని తూలనాడు మాట యొకటి చిత్రములో వినబడకుండ నిర్మాత తీసివేసెను. మాట పోయెను, కథ మిగిలెను.

చిత్రము మొదట ప్రదర్శింపబడినది 1939 డిసెంబరు 15న, జార్జియా రాజధాని అట్లాంటాలో. ఊరంతయు పండుగ. హ్యాటీ ముఖము తెరమీద ఉండవచ్చునుగాని ఆమె శరీరము ఆ హాలులోనికి రాకూడదు. ఆ రాష్ట్రపు చట్టములు అట్టివి. ఆమె వెళ్లలేదు. దానికి ముందటి రాత్రి తెల్లవారు మాత్రమే వచ్చిన ఒక విందులో, బానిసల దుస్తులు తొడిగించి, ఎబెనెజర్ బాప్టిస్టు సంఘపు గాయకబృందముచేత పాటలు పాడించిరి. ఆ బృందమును తీసికొనిపోయినవాడు ఆ సంఘపు కాపరి. బృందములో అతని కుమారుడు, పదేండ్ల బాలుడు, కూర్చుండెను. ఆ బాలుడే తరువాత మార్టిన్ లూథర్ కింగ్ అని లోకమెల్ల ఎరిగినవాడు. ఆ కాపరిని సాటి కాపరులలో కొందరు తప్పుపట్టిరి. పట్టకుందురా? నేనును కాపరినే, ఆ సంగతి చదివినప్పుడెల్ల నా పుస్తకము మూసి కొంతసేపు ఊరకుందును. అతడు ఎందుకు వెళ్లెనో ఆ ఊరిలో బ్రదుకవలసినవారికి తెలియును.

ఇక్కడ మరియొక సంగతి చెప్పుట న్యాయము. అమెరికా బాప్టిస్టు సంఘములు 1845లో రెండుగా చీలినవి. దాసులను కలిగియున్నవాడు మిషనెరీగా పోవచ్చునా అనునదియే ఆ చీలికకు ముఖ్య కారణము. మన తెలుగువారియొద్దకు వచ్చిన బాప్టిస్టు మిషను ఉత్తరాదివారి పక్షమున నిలిచినది. కనుక అహాబు ఇల్లనగా సినిమా కంపెనీ మాత్రమే అని తలంపకుడి. ప్రార్థన జరుగు ఇండ్లును ఉండెను.

1940 ఫిబ్రవరి 29 రాత్రి ఆస్కార్ బహుమానములను పంచిరి. లాస్ ఏంజెలెస్‌లోని అంబాసడర్ హోటలులో విందు. ఆ హోటలువారు నల్లజాతివారిని లోనికి రానిచ్చెడివారు కారు. సెల్జ్‌నిక్ ప్రత్యేకముగా అడిగి ఒప్పింపవలసి వచ్చెను. ఒప్పుకొని, గోడప్రక్కన వేరుగా ఒక చిన్న బల్ల వేసిరి. తనతో నటించినవారందరు నిర్మాతతో కూడ ముందు బల్లయొద్ద కూర్చుండగా ఆమె ఆ గోడప్రక్క కూర్చుండెను. ఆమె పేరు పిలువబడెను. సహాయ పాత్రలలో ఉత్తమ నటి. అదే చిత్రములో నటించి, అదే బహుమానమునకు పోటీలో నిలిచిన తెల్లజాతి నటి ఒలీవియా డి హావిలాండ్‌కు అది దొరకలేదు. ఆ బహుమానము పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి హ్యాటీ. ఆమె గోడప్రక్కనుండి లేచి నడచి ముందుకు వచ్చెను. తన జాతికిని, సినిమా వృత్తికిని ఎల్లప్పుడు మంచిపేరు తేగలుగుదునని ఆశించుచున్నానని చెప్పి, కండ్లనిండ నీళ్లతో తిరిగి అదే బల్లకు పోయి కూర్చుండెను. మరియొక నల్లజాతి స్త్రీకి, వూపీ గోల్డ్‌బర్గ్ అను నటికి, ఆ గౌరవము దొరకుటకు 1991 వరకు పట్టెను.

పల్లెలలో ఉన్న మనకు ఆ వేరు బల్లను గూర్చి వివరము చెప్పనక్కరలేదు. వేరు గ్లాసు ఎరిగినవారికి వేరు బల్ల తెలియును.

ఇక ఆమెమీద వచ్చిన నింద. ఎన్.ఏ.ఏ.సీ.పీ. ముఖ్య కార్యదర్శి వాల్టర్ వైట్ 1942లో హాలీవుడ్‌కు వచ్చెను. 1940లో అధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన వెండెల్ విల్కీ ఆయనకు తోడుగా నిలిచెను. నల్లజాతివారిని పనివారిగాను, వెకిలివారిగాను చూపుట మానవలెనని వారు చిత్ర నిర్మాతలను అడిగిరి. ఆ మాట అంతటితో ఆగలేదు. అట్టి వేషములు వేయువారివైపు తిరిగెను. హ్యాటీకి అది చురుక్కుమనెను. వారమునకు 7 డాలర్లకు పనిమనిషిగా ఉండుటకంటె 700 డాలర్లకు పనిమనిషి వేషము వేయుటయే మేలని ఆమె అనినట్లు లోకములో ఒక మాట తిరుగుచున్నది.

ఆ మాట విని నవ్వి ఊరకుండువారు కలరు. నేను ఊరకుండలేను. అది గడుసు మాటయేగాని జవాబు కాదు. ఏలయనగా 700 డాలర్లు ఆమెకు వచ్చెను. తెరమీది మామీ నవ్వునకు మూల్యము చెల్లించినవారు వేరు. కోట్లమంది ఆ చిత్రము చూచిరి. తన ఇంటి వంటమనిషి కూడ మామీవలెనే తృప్తిగా ఉన్నదని అనేకమంది యజమానురాండ్రు తలంచిరి. జీతము పెంచుమని ఆ వంటమనిషి నోరు తెరచినప్పుడు, మామీ ఎన్నడు నోరు తెరవలేదే అని వారికి తోచియుండదా? ఒకరి రొట్టె మరియొకరి నోటిని కట్టివేయవచ్చును. వాల్టర్ వైట్ ఈ సంగతినే చూచెను.

ఆయనయు సామాన్యుడు కాడు. నల్లజాతి తల్లిదండ్రులకు పుట్టినను ఆయన చర్మము తెలుపు, కండ్లు నీలము. దక్షిణాదిలో గుంపులు కూడి నల్లజాతివారిని చంపిన ఊళ్లకు తెల్లవానివలె పోయి, హంతకుల నోటనే నిజము రాబట్టి లోకమునకు చాటెను. పట్టుబడిన యెడల ప్రాణము దక్కదు. ఆయనను ఏలీయా అని పిలుచుటకు నాకు సంకోచము లేదు. ఆ ముఖచ్ఛాయ తనకు లేనందున తాను వేరు దారిని పోవలసివచ్చెనని హ్యాటీ పక్షమువారు అనిన మాటలోను నిజము కలదు.

రాజులు మొదటి గ్రంథము 18వ అధ్యాయమును తీసి చూడుడి. దేశములో కరవు. అహాబు రాజు. యెజెబెలు ప్రవక్తలను చంపించుచున్న కాలము. ఆ అహాబు ఇంటికి గృహనిర్వాహకుడు ఓబద్యా. అతడు యెహోవాయందు బహు భయభక్తులు గలవాడని గ్రంథమే చెప్పుచున్నది. చెప్పి, మరుక్షణమే అతడు రాజుగారి గుర్రములకు గడ్డి వెదకబోయిన సంగతి చెప్పుచున్నది. చిత్రము గదా! ప్రవక్తలు చచ్చుచుండగా భక్తుడు గుర్రముల మేతకై తిరుగుచున్నాడు. అయితే అదే ఓబద్యా నూరుగురు ప్రవక్తలను ఏబదేసి మంది చొప్పున గుహలలో దాచి, అన్నపానములిచ్చి పోషించెను. ఆ కరవు దినములలో నూరుమందికి రొట్టె ఎక్కడిది? అహాబు ఇంటి కొలువు లేనియెడల ఓబద్యా చేతిలో రొట్టెయు లేదు, గుహకు దారియు లేదు. రాజు ఇంటి ముందు గుమ్మమునుండి జీతము వచ్చెను, వెనుక గుమ్మమునుండి రొట్టె పోయెను.

ఏలీయా ఎదురుపడినప్పుడు ఓబద్యా ఈ సంగతిని తానే చెప్పుకొనెను. ఏలీయా అతనిని గద్దింపలేదు. కొలువు మానివేసి తన వెంట రమ్మనియు చెప్పలేదు. నీ యేలినవానియొద్దకు పోయి నేను వచ్చితినని చెప్పుమని పంపెను. అనగా, అహాబు ఇంటిలో ఉన్నవాడే అహాబునకు కబురు మోయవలసివచ్చెను. ఇంత జరిగియు, అటుతరువాత కర్మెలు కొండమీద నిలిచి, ప్రవక్తలలో తాను ఒక్కడే మిగిలితినని ఏలీయా జనులతో చెప్పెను. హోరేబులో దేవునితో కూడ అదే చెప్పెను. నూరుగురి సంగతి ఓబద్యా చెప్పియుండగా ఎట్లు మరచెను? గుహలో దాగి రొట్టె తినినవారు ఆయన లెక్కకు రాలేదని నాకు తోచుచున్నది. వారిని దాచినవాడు అసలే రాలేదు. దేవుని లెక్క వేరుగా ఉండెను, అది ఏడువేలు.

ఏలీయా లేనిదే బయలు బలిపీఠము పడదు. దీనిని నేను తగ్గించి చెప్పుటలేదు. వాల్టర్ వైట్ వంటివారు గద్దింపనియెడల హాలీవుడ్ ఇప్పటికిని మామీలనే చూపుచుండెడిదేమో. అయితే గద్దింపు ఎవరిమీద పడినదో చూడుడి. కథ వ్రాసినవారు, డబ్బు పెట్టినవారు, టిక్కెట్టు కొనినవారు, బల్లను గోడప్రక్కకు నెట్టినవారు, ఇందరు ఉండగా, చిట్టచివరకు తలవంచుకొని జవాబు చెప్పవలసినది దాసి వేషము వేసిన స్త్రీయేనా? మన సంఘములలోను ఇట్లే జరుగుచున్నది. ఆదివారము నాట్లకు పోయిన కూలిస్త్రీని పెద్దలు పిలిపించి, ఆరాధనకు ఏల రాలేదని అడుగుదురు. ఆదివారము నాట్లు పెట్టించిన ఆసామి సంఘస్థుడే అయి, ముందు బెంచీమీద కూర్చుండువాడైనప్పుడు ఆ ప్రశ్న పెద్దలకు తోచదు. కూలిస్త్రీని అడుగుట సులభము. ఆమె కూర్చుండునది నేలమీద.

కాబట్టి ఓబద్యాను అడుగవలసిన ప్రశ్న, నీవు అహాబు ఇంటిలో ఎందుకున్నావని కాదనియు, నీ గుహ యెక్కడ అనియు నేను తలంచుచున్నాను. హ్యాటీని కూడ అదే అడుగుదము.

1942లో ఆమె లాస్ ఏంజెలెస్‌లో వెస్ట్ ఆడమ్స్ హైట్స్ అను పేటయందు పదునేడు గదుల ఇల్లు కొనెను. సంపన్నులైన నల్లజాతివారు కొందరు అక్కడ చేరినందున ఆ పేటకు షుగర్ హిల్ అని పేరు వచ్చెను. నటి లూయిస్ బీవర్స్, గాయని ఎథెల్ వాటర్స్ కూడ అక్కడివారే. ఆ పేట ఇండ్ల దస్తావేజులలో ఒక షరతు వ్రాసియుండెను: తెల్లవారు కానివారికి అమ్మరాదు, వారు కాపురముండరాదు. ఇట్టి షరతులు ఆనాడు అమెరికా పట్టణములలో విస్తారము. పొరుగు తెల్లవారిలో కొందరు, వీరిని వెళ్లగొట్టవలెనని కోర్టుకు పోయిరి. 1945లో విచారణ జరిగెను. నల్లజాతివారి పక్షమున వాదించిన న్యాయవాది లోరెన్ మిల్లర్, ఎన్.ఏ.ఏ.సీ.పీ.తో కలిసి ఇట్టి వ్యాజ్యములెన్నో నడపినవాడు. న్యాయాధిపతి థర్మండ్ క్లార్క్ వ్యాజ్యమును కొట్టివేసెను. రాజ్యాంగపు పదునాలుగవ సవరణ అందరికిని ఇచ్చిన సమాన రక్షణను న్యాయస్థానములు ఇన్నాళ్లు తప్పించుకొని తిరిగినవను భావము ఆ తీర్పులో కలదు. మూడు సంవత్సరములకు, 1948లో, షెల్లీ వ్యాజ్యమునందు అమెరికా అత్యున్నత న్యాయస్థానము అట్టి షరతులను ఏ కోర్టును అమలుజరుపరాదని తీర్పు చెప్పెను. దానితో కలిపి విచారింపబడిన వ్యాజ్యమున అక్కడను లోరెన్ మిల్లర్ నిలిచి వాదించెను.

గమనింతురా? మామీ వేషపు జీతముతో కొనిన ఇల్లది. ఆ ఇంటి గుమ్మముమీద నిలిచి ఏలీయా పక్షపు న్యాయవాది వాదించెను. సినిమాలో ఒక్క వేషమైనను వేయని వేలకొలది కుటుంబములకు ఇండ్ల తలుపులు తెరచుకొనుటకు ఆ వ్యాజ్యమును ఒక మెట్టాయెను. 7 డాలర్ల పనిమనిషిని ఆ పేటనుండి వెళ్లగొట్టవలెనని ఎవరును కోర్టుకు పోరు. ఆమె వెనుక గుమ్మమున వచ్చి సాయంకాలము పోవునది గనుక ఎవరికిని అభ్యంతరము లేదు. ఇల్లు కొని ముందు గుమ్మమున ప్రవేశించిన పనిమనిషియే వారికి సహింపరానిది.

యుద్ధకాలమున ఆమె నల్లజాతి సైనికులకై ఏర్పడిన వినోద సంఘమునకు అధ్యక్షురాలుగా ఉండి శిబిరములు తిరిగెను. యుద్ధము ముగిసిన తరువాత సినిమా వేషములు తగ్గెను. నిందలకు భయపడిన కంపెనీలు పనిమనిషి పాత్రలను తగ్గించినవేగాని వాటికి బదులు న్యాయవాది, ఉపాధ్యాయురాలు మొదలగు పాత్రలను నల్లజాతివారికి ఇచ్చినవి కావు. ఏలీయా అడిగినది ఇది కాదు. ఓబద్యా కోరినదియు ఇది కాదు.

1947లో ‘బ్యూలా’ అను రేడియో నాటికలో ముఖ్య పాత్ర ఆమెకు వచ్చెను. బ్యూలాయు పనిమనిషియే. అంతకుముందు ఆ నల్లజాతి స్త్రీ గొంతుకను తెల్లజాతి పురుషులు అనుకరించి పలికెడివారు! హ్యాటీ ఆ పాత్రను తీసికొనునప్పుడు ఒడంబడికలో ఒక నియమము పెట్టించెను. నల్లజాతివారిని ఎగతాళి చేయుటకు అలవాటైన ఆ విరుగు యాసను తాను పలుకదు. తనకు ఒప్పని మాటలను మార్పించు హక్కు తనకుండవలెను. దేశవ్యాప్తమైన రేడియో కార్యక్రమములో ముఖ్యపాత్ర ధరించిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమెయే. ఇది గొప్ప విప్లవము కాదు. కాని తన నాలుకను తిరిగి తనది చేసికొనిన మనిషిని నేను చిన్నచూపు చూడను.

నయమాను సంగతి కూడ ఇక్కడ తలంపునకు వచ్చుచున్నది. కుష్ఠము మానిన తరువాత అతడు ఎలీషాను ఒక్కటి వేడుకొనెను. తన యజమానుడు రిమ్మోను గుడిలోనికి పోవునప్పుడు తన చేతిమీద ఆనుకొనును. అప్పుడు తాను కూడ వంగవలసివచ్చును. ఆ ఒక్క విషయములో యెహోవా క్షమించునా అని. ఎలీషా సరే అని చెప్పలేదు, కాదనియు చెప్పలేదు, సమాధానముతో పంపివేసెను. ఈ భాగమును ప్రసంగింపవలెననిన కాపరులకు కష్టము. మనము నియమము కోరుదుము. ప్రవక్త నియమము ఇయ్యలేదు. అయితే నయమాను వంగుచున్నప్పుడు తాను వంగుచున్నానని ఎరిగియుండెను, అది తనకు నొప్పిగా ఉండెను. ఆ నొప్పి లేక వంగువాడు వేరు. హ్యాటీకి ఆ నొప్పి ఉండెనని చెప్పుటకు ఆ రేడియో ఒడంబడికయే నాకు చాలిన సాక్ష్యము.

ఆమెకు రొమ్ము క్యాన్సరు వచ్చెను. 1952 అక్టోబరు 26న, సినిమావారికై కట్టిన ఆశ్రమపు ఆసుపత్రిలో మరణించెను. అప్పులు తీర్చగా మిగిలినది ఏమియు లేదు; ఆస్తి విలువకంటె ప్రభుత్వమునకు చెల్లింపవలసిన పన్ను ఎక్కువగా ఉండెను. వీలునామాలో రెండు కోరికలు వ్రాసెను. ఒకటి, తన ఆస్కార్ బహుమానమును వాషింగ్టనులోని హోవర్డ్ విశ్వవిద్యాలయమునకు ఇయ్యవలెను. అది నల్లజాతివారి ఉన్నత విద్యకు పేరుపొందిన స్థలము. ఆ బహుమానము ఇప్పటివలె బంగారు బొమ్మ కాదు. ఆ కాలమున సహాయ పాత్రలవారికి చిన్న పలక యిచ్చెడివారు. ఆ పలక అక్కడికి చేరెను. కొన్ని సంవత్సరములకు కనబడకపోయెను. ఎక్కడికి పోయెనో తేలలేదు. 2023 అక్టోబరు 1న అకాడమీవారు దానికి బదులు మరియొక పలకను చేయించి ఆ విశ్వవిద్యాలయమునకు అప్పగించిరి.

రెండవ కోరిక, తెల్లని పెట్టెలో, తెల్లని పువ్వులతో, హాలీవుడ్ శ్మశానవాటికలో తన్ను పాతిపెట్టవలెనని. ఆ కాలపు సినిమావారు అనేకులు అక్కడనే నిద్రించుచున్నారు. శ్మశానపు యజమానులు ఒప్పుకొనలేదు. చచ్చినను నల్లవారికి అక్కడ చోటు లేదు. ఊరి శ్మశానమునకు దారి లేక పాడెను నడిత్రోవలో దింపి నిలిచిన దినములు మన పెద్దలలో కొందరు ఎరుగుదురు. వారికి ఈ సంగతి అమెరికాది అని తోచదు.

1999లో ఆ శ్మశానము చేతులు మారిన తరువాత, క్రొత్త యజమానులు ఆమె దేహమును తెచ్చి అక్కడ ఉంచెదమని అడిగిరి. కుటుంబమువారు కదిలింపవద్దనిరి. అందుచేత అక్కడ ఆమె పేర ఒక స్మారక శిల మాత్రము నిలిపిరి. దానిక్రింద ఎవరును లేరు. ఆమె లాస్ ఏంజెలెస్‌లోని రోజ్‌డేల్ శ్మశానవాటికలో ఉన్నది. అది 1884లో తెరచినది మొదలు ఏ జాతివారినైనను, ఏ మతమువారినైనను చేర్చుకొనిన స్థలము.